అనుకరణకు లొంగని రుచి

కోటగిరి, బోధన్ ప్రాంతాల వారికి చెరకు మడ్డి వాసన చిరపరిచితమైనది. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడేవరకు ఆ గాలిలో అది కలిసియే ఉండెను. మన దేశంలో విస్కీ పేర అమ్ముడుపోయే సరుకులో అధికభాగానికి ఆ మడ్డినుండి దింపిన సారాయే ఆధారం. స్కాట్లండు పడమటి తీరాన ఐలే ద్వీపంలో పుట్టే విస్కీ జాతి వేరు. అక్కడ మొలకెత్తిన బార్లీని పీటు మంటపై ఆరబెడతారు. పీటు అనగా బురదనేలల్లో వేలయేండ్లు మ్రగ్గి గట్టిపడిన నాచు, గడ్డి. దానిని కోసి, ఎండించి, పిడకలవలె కాలుస్తారు. ఆ పొగ గింజకు పట్టి, గింజనుండి ద్రవానికి దిగుతుంది. తొలిసారి రుచిచూసినవాడు మందుల కొట్టు వాసన అని మొగం చిట్లిస్తాడు. నాలుగు చుక్కల నీరు కలిపి నిదానించినవానికి పొగవెనుక ఉప్పుగాలి, ఉప్పువెనుక తీపి తోస్తాయి.

ఈ మోటురుచిని సామాన్యుని అందుబాటులోకి తెచ్చినవారిలో పీటర్ మెకీ ముఖ్యుడు. 1855లో జన్మించి, యౌవనంలోనే ఐలేలోని లగవూలిన్ బట్టీలో పని నేర్చినాడు. 1890 ప్రాంతాల ఎడింబరో నగరపు పాత సత్రం పేరుతో వైట్ హార్స్ విస్కీని వెలువరించినాడు. తేలికైన ధాన్యపు విస్కీలో లగవూలిన్ ఘాటును మేళవించిన సరుకది. అసలుదానిని విడిగా కొనలేనివాడు సైతం తక్కువ వెలకు ఆ పొగజాడ నెరుగగలిగినాడు. విస్కీ పీపాలలో ఏండ్లకొలది ముదరవలెనని వాదించినవారిలో ఈయన ఒకడు. 1915లో బ్రిటిష్ చట్టమే అందుకు గడువు విధించింది.

కాని మెకీ స్వభావం స్థిమితమెరుగనిది. పొరుగున ఉన్న లఫ్రోయిగ్ విస్కీ అమ్మకపు హక్కు ఆయన సంస్థకే ఉండేది. 1907లో అది చేజారగా, కోపం పట్టలేక లఫ్రోయిగ్‌కు పారే నీటికి రాళ్ళతో అడ్డుకట్ట వేయించినాడు. న్యాయస్థానం కట్ట తీయించింది. పంతానికి మందు లేదు గదా! 1908లో లగవూలిన్ ఆవరణలోనే మాల్ట్ మిల్ అనే చిన్న బట్టీ కట్టించి, పొరుగువారి పాత్రలవంటి పాత్రలే పోయించి, వారి పనివానినే రప్పించి, గింజను పీటుమీదనే ఆరబెట్టించినాడు. దిగిన విస్కీ మంచిదే. లఫ్రోయిగ్ మాత్రం కాలేదు. నీరు వేరు, చోటు వేరు.

1920లో బారొనెట్ బిరుదు పొంది, 1924లో మెకీ కన్నుమూసినాడు. మాల్ట్ మిల్ 1962 వరకు నడిచింది. అందులో చివరిసారి దిగిన సారాలో కొంచెం ఒక చిన్న సీసాలో నేటికీ లగవూలిన్‌లో భద్రంగా ఉన్నది.