గాలిని మూటగట్టిన గురువు: పౌల్ లా కూర్

సాధ్యము కాని పనిని గాలిని మూటగట్టుటతో పోల్చుట తెలుగువారి వాడుక. ఆ పనినే తన జీవితకార్యముగా చేపట్టిన ఉపాధ్యాయుడొకడు డెన్మార్కు దేశమునందలి ఒక చిన్న పల్లెలో నుండెను. ఆయన పేరు పౌల్ లా కూర్. బడిలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించుచు, బడి ప్రక్కన గాలిమరను నిలిపి, దానివలన పుట్టిన విద్యుచ్ఛక్తిని గాలి వీచని రాత్రికై దాచుట యెట్లో పదునేడేండ్లు శోధించినవాడాయన. నేడు లోకమంతయు బొగ్గును, చమురును విడిచి గాలివలనను, ఎండవలనను విద్యుత్తును పుట్టింపవలెనని యత్నించుచున్నది. ఆ యత్నమునకు అడ్డుతగులుచున్న ముఖ్యమైన చిక్కు కొత్తది కాదు. లా కూర్ దానిని 1891లోనే ఎదుర్కొనెను.

లా కూర్ 1846వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన జట్లండు ద్వీపకల్పమున ఎబెల్టోఫ్ట్ పట్టణమునకు చేరువనున్న ఒక వ్యవసాయక్షేత్రమున జన్మించెను. సేద్యపు కుటుంబమువాడగుటచే పల్లెవాసుల కష్టసుఖములు ఆయనకు చిన్ననాటి నుండియు ఎరుకే. మొదట క్రైస్తవ మతాచార్యుడు కావలెనని తలచెను గాని, చదువు సాగినకొలది ఆయన మనస్సు ప్రకృతిశాస్త్రముల వైపు మరలెను. వాతావరణశాస్త్రము అప్పుడప్పుడే రూపుకట్టుచుండెను. 1872లో డెన్మార్కు ప్రభుత్వము వాతావరణ సంస్థను స్థాపింపగా, ఇరువదియారేండ్ల లా కూర్ అందులో ఉపాధ్యక్ష పదవిని పొందెను. గాలి నడకను శాస్త్రదృష్టితో చూచు అలవాటు ఆయనకు అక్కడనే కుదిరెను.

అది తంతివార్తలు విస్తరించుచున్న కాలము. ఒకే తీగపై ఒకే సమయమున పెక్కు వార్తలను పంపుట యెట్లను ప్రశ్న అనేక శాస్త్రజ్ఞులను ఆకర్షించెను. లా కూర్ శ్రుతిదండముల సహాయమున ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క స్వరమును కేటాయించి, ఆవలి కొనయందు ఆ స్వరములను వేరుపరచు పద్ధతిని కల్పించెను. శ్రుతిదండపు కంపనముననుసరించి ఒకే వేగముతో తిరుగు ధ్వనిచక్రమును కూడ నిర్మించెను. అమెరికాలో ఎలిషా గ్రే అదే త్రోవలో పరిశోధనలు సాగించుచుండెను. ఆ మార్గముననే నిలిచినచో లా కూర్ పేరుపొందిన యంత్రకల్పకుడై యుండెడివాడు. కాని 1878లో ఆయన రాజధానిని విడిచి, ఆస్కోవ్ అను పల్లెలోని పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను.

ఆ పాఠశాల సామాన్యమైనది కాదు. 1864లో ప్రష్యా, ఆస్ట్రియా దేశములతో జరిగిన యుద్ధమున డెన్మార్కు ఓడి, ష్లెస్విగ్, హోల్‌స్టీన్ ప్రాంతములను కోల్పోయెను. గ్రుండ్‌ట్విగ్ అను విద్వాంసుని ఆశయముల ననుసరించి 1844లో రోడింగ్ గ్రామమున వెలసిన మొదటి జనవిద్యాలయము ఆ కోల్పోయిన భూభాగమున చిక్కుకొనెను. దాని సంప్రదాయమును నిలుపుటకై సరిహద్దుకు ఈవల ఆస్కోవ్‌లో 1865లో కొత్త విద్యాలయము తెరువబడెను. అక్కడ పరీక్షలు లేవు, పట్టములు లేవు. రైతుబిడ్డలు వచ్చి చరిత్రను, సాహిత్యమును, శాస్త్రములను నేర్చుకొని తిరిగి తమ పొలములకు పోవుదురు. పోయిన నేలకై వగచుటకంటె ఉన్న నేలపై మనుష్యులను పెంచుట మేలని నమ్మిన తరమది.

లా కూర్ బోధనాపద్ధతి కూడ అందుకు తగినట్లే యుండెను. సూత్రమును ముందు చెప్పి లెక్కలను తరువాత చేయించుట ఆయనకు రుచింపలేదు. ఒక సత్యమును పూర్వులు ఏ అవసరమునుబట్టి వెదకిరో, ఎచ్చట పొరబడిరో, తుదకు ఎట్లు కనుగొనిరో ఆ క్రమముననే విద్యార్థిని నడిపించెడివాడు. ఈ పద్ధతిని అనుసరించి 1881లో గణితశాస్త్ర చరిత్రను పాఠ్యరూపమున ప్రకటించెను. తరువాత సహోపాధ్యాయుడైన యాకోబ్ ఆపెల్‌తో కలిసి భౌతికశాస్త్రమునకును అట్టి గ్రంథమునే వ్రాసెను.

ఇంతలో విద్యుద్దీపముల యుగము ప్రారంభమయ్యెను. పట్టణములలో ఆవిరియంత్రములతో నడచు విద్యుత్కేంద్రములు వెలయజొచ్చెను. డెన్మార్కులో బొగ్గు గనులు లేవు. బొగ్గు చాలవరకు ఇంగ్లండు నుండి ఓడలలో రావలెను. రేవు నుండి దూరముననున్న పల్లెకు ఆ వెలుగు అందుట కష్టము. పట్టణము వెలిగి పల్లె చీకటిలో మిగిలినచో, పనియు, పడుచువారును పట్టణమునకే తరలిపోవుదురని లా కూర్ కలతచెందెను. పల్లెలో బొగ్గు లేదు గాని గాలికి కొదువ లేదు. సముద్రము నడుమ చదునుగా పరచుకొన్న ఆ దేశమున తరతరములుగా గాలిమరలు ధాన్యము విసరుచునే యున్నవి. ఆ మరలచేతనే విద్యుత్తును పుట్టింపవలెనని ఆయన సంకల్పించి, ప్రభుత్వ ధనసహాయమును సంపాదించి, 1891లో ఆస్కోవ్‌లో ప్రయోగార్థమైన గాలిమరను నిలిపెను.

గాలితో విద్యుత్తును తీసినవారిలో ఆయన మొదటివాడు కాదు. స్కాట్లండులో జేమ్స్ బ్లైత్ 1887లోను, అమెరికాలో చార్లెస్ బ్రష్ 1888లోను ఆ పని చేసి చూపిరి. అయితే వారు తమతమ ఇండ్లకు వెలుగు కల్పించుకొనిరి. లా కూర్ ఒక దేశపు పల్లెలన్నిటికి పనికివచ్చు విధానమును వెదకెను. ఇంటి పనిముట్టును ఊరి వసతిగా మార్చుటలోనే అసలు చిక్కు బయటపడును.

ఆ చిక్కు లెక్కలో నున్నది. గాలి వేగము రెట్టింపైనచో దానియందలి శక్తి ఎనిమిది రెట్లగును. వేగము సగమైనచో శక్తి ఎనిమిదవ వంతునకు పడిపోవును. మంచి గాలిలో 24 కిలోవాట్ల నిచ్చు మర, గాలి సగమైన గడియలో సుమారు 3 కిలోవాట్లు మాత్రమే యిచ్చును. గాలి నిలిచినప్పుడు ఏమియు నీయదు. కనుక ఒక యంత్రపు ఉత్పాదన సామర్థ్యము వేరు, అది వాస్తవముగా ఉత్పత్తిచేయు విద్యుత్తు వేరు. బొగ్గు కొట్టములో నిలువయున్నంతకాలము ఆవిరియంత్రము అడిగినప్పుడెల్ల పనిచేయును. గాలిమర గాలి ఇష్టమునుబట్టి పనిచేయును. ఈ భేదమును మరచి సామర్థ్యపు అంకెలను మాత్రమే కూడుకొన్నవాడు చీకటిలో మిగులును.

లా కూర్ ఈ చిక్కును రెండు ముక్కలుగా విడదీసెను. క్షణక్షణమునకు మారు గాలి పోటును సమము చేయుట మొదటిది. అందుకై ఆయన మరకును డైనమోకును నడుమ బరువులతోను, కప్పీలతోను, పట్టెలతోను ఒక నియామకమును అమర్చెను. గాలి ఎంత విసరుగా వీచినను డైనమోకు పోవు బలము ఒక మేరను దాటదు. అధికమైన ఊపు పట్టె జారుటలో తీరిపోవును. బలమును నిలుపునదను అర్థము వచ్చునట్లు ఆయన దానికి క్రాటోస్టాట్ అని పేరుపెట్టెను. ఖర్చు తక్కువ, పల్లెటూరి కమ్మరియైనను బాగుచేసికొనగల పనిముట్టు అది.

రెండవది దాచుట. గాలి వీచిన దినపు విద్యుత్తును వీచని దినమునకు నిలువచేయవలెను. నాటి బ్యాటరీలు మిక్కిలి ఖరీదైనవి. లా కూర్ విద్యుత్ప్రవాహముతో నీటిని విశ్లేషించి, ఉదజనిని, ఆమ్లజనిని వేరువేరు తొట్లలో పట్టి ఉంచెను. చీకటి పడగానే ఆ వాయువులు గొట్టముల వెంట పోయి దీపములలో మండును. 1895 నుండి 1902 వరకు ఆస్కోవ్ విద్యాలయము ఈ వెలుగులోనే చదువుకొనెను. నిన్నటి గాలి నేటి రాత్రి దీపమయ్యెను. గాలిని మూటగట్టుట యన్న మాట అక్కడ నిజమైనది.

కాని మూట గట్టిది కాలేదు. ఉదజనిలో ఆమ్లజని ఏ కొంచెము కలిసినను ప్రేలును. అట్టి ప్రేలుళ్ల వలన విద్యాలయపు కిటికీ అద్దములు పెక్కుమార్లు పగిలెను, మరల వేయవలసివచ్చెను. శాస్త్రజ్ఞుని కనుసన్నలలో నడచు ఏర్పాటు, రైతు ఇంటిలో కావలి లేక నడువవలె నన్నచో క్షేమము కాదు. ఏడేండ్లు నడపిన పద్ధతియైనను లా కూర్ దానిపై మమకారము పెంచుకొనక విడిచిపెట్టెను. ఈ విడుపు ఆయన శాస్త్రబుద్ధికి చక్కని నిదర్శనము.

ఈ నడుమ ఆయన మరొక పరిశోధనకు దిగెను. 1896 మొదలుకొని కృత్రిమముగా గాలిని తోలు గొట్టములయందు చిన్నచిన్న మర నమూనాలను నిలిపి, రెక్కల సంఖ్య, వంపు, వాలు మారినప్పుడు ఫలమెట్లు మారునో కొలిచెను. రెక్కలు ఎన్ని ఎక్కువయున్న అంత మేలని పలువురు భావించెడివారు. విద్యుదుత్పాదనకు కొద్ది రెక్కలతో వేగముగా తిరుగు మరయే శ్రేష్ఠమని ఆయన కొలతలు తేల్చెను. 1897లో ఆస్కోవ్‌లో మరింత పెద్ద గాలిమర లేచెను.

1902లో ఆ మర ఆస్కోవ్ గ్రామమునకు విద్యుత్కేంద్రమయ్యెను. ఈసారి శక్తిని బ్యాటరీలలో నిలువచేసిరి. గాలి తగ్గినప్పుడు బ్యాటరీల విద్యుత్తు వెనుకకు డైనమోలోనికి పారకుండ తనంతట తానే తెగిపోవు మీటను కూడ లా కూర్ కల్పించెను. వరుసగా గాలి లేని దినములకై ఒక చమురు ఇంజనును ప్రక్కన నుంచిరి. గాలిని నమ్మినవాడు ఇంజనును ఉంచుట ఓటమి యని తోచవచ్చును. ఊరివారికి కావలసినది సిద్ధాంతము కాదు, ప్రతిరాత్రి వెలుగు దీపము. ఆ దీపము ఒక్క రాత్రి ఆరినను వారు గాలిమరపై నమ్మకము కోల్పోవుదురు. ఇంజను పని తక్కువ చేయుటయే గాలిమర గెలుపని ఆయన గ్రహించెను.

యంత్రము సిద్ధమైనను దానిని నడుపువారేరి? లా కూర్ తనలోని ఉపాధ్యాయుని మరువలేదు. 1903లో గాలి విద్యుత్తును వ్యాపింపజేయుటకు ఒక సంఘము ఏర్పడెను. 1904లో ఆస్కోవ్‌లో పల్లె యువకులకు విద్యుత్పనిలో శిక్షణ ప్రారంభమయ్యెను. తీగ లాగుటయు, డైనమోను నడుపుటయు, బ్యాటరీలను కాపాడుటయు నేర్చినవారు ఊరూర కేంద్రములను నెలకొల్పిరి. వెలుగు నిలుచుట యంత్రము మీద ఎంత ఆధారపడునో, మరమ్మతు తెలిసిన మనిషి దగ్గరలో నుండుట మీదను అంత ఆధారపడునని ఆయన ఎరుగును.

1908వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, అరువదిరెండవ యేట లా కూర్ ఆస్కోవ్‌లోనే కన్నుమూసెను. ఆయన నాటిన విత్తు కొంతకాలము చక్కగా ఎదిగెను. 1918 నాటికి డెన్మార్కులో సుమారు 120 స్థానిక విద్యుత్కేంద్రములకు గాలిమరలుండెను. ఒక్కొక్కదాని సామర్థ్యము 20 నుండి 35 కిలోవాట్లు, అన్నియు కలిసి సుమారు 3 మెగావాట్లు. దేశపు విద్యుత్ వినియోగమున నూటికి మూడు వంతులు వాటివలన తీరెను.

తరువాత కాలము ఎదురు తిరిగెను. పెద్ద కేంద్రముల నుండి దూరప్రాంతములకు తీగలు వచ్చెను. బొగ్గు, చమురు చవుకయ్యెను. పల్లెల మరలు ఒకటొకటిగా ఆగిపోయెను. యుద్ధకాలమున ఇంధనము కరవైనప్పుడు మాత్రము వాటిని తలచుకొనిరి. 1904 నాటి శిక్షణలో కూర్చుండిన యోహానెస్ యూల్ అను శిష్యుడు మాత్రము గురువు పాఠమును మరువలేదు. ఆయన రూపొందించిన మూడు రెక్కల గాలిమర 1957లో గేసర్ అను చోట పని ప్రారంభించెను. దాని సామర్థ్యము 200 కిలోవాట్లు. అది 1967 వరకు తిరిగి ఆగిపోయెను.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు దిగుమతి చమురునే నమ్ముకొన్న డెన్మార్కు దిగ్భ్రాంతి చెందెను. ఆ దేశము ముందుగా తిరిగినది గాలి వైపు కాదు, బొగ్గు వైపు. 1990 నాటికి అచటి విద్యుత్తులో సుమారు పదింట తొమ్మిది వంతులు బొగ్గు వలననే వచ్చుచుండెను. బొగ్గుపులుసు వాయువు భూమి వేడిమిని పెంచునను సత్యము లోకమునకు బాగుగ తెలిసిన తరువాత గాని మార్పు వేగము పుంజుకొనలేదు. యూల్ మర నమూనాను చూచి కొత్తవారు మరలను నిర్మించిరి. లా కూర్ మొదటి గాలిమరకు సరిగా నూరేండ్లు నిండిన 1991లో విండెబీ తీరమున సముద్రమునందే పదునొకండు గాలిమరలు నిలిచెను. అట్టి ఏర్పాటు ప్రపంచమున అదియే మొదటిది. 2019లో డెన్మార్కు విద్యుత్ వినియోగమున నూటికి సుమారు 47 వంతులు గాలివలన తీరెను.

అయినను లా కూర్ ప్రశ్న సమసిపోలేదు. గాలి మిక్కుటమైనప్పుడు డెన్మార్కు తన విద్యుత్తును తీగల ద్వారా నార్వే, స్వీడన్ దేశములకు పంపును. నార్వే తన జలాశయములలోని నీటిని అప్పుడు ఆపి, డెన్మార్కులో గాలి తగ్గినప్పుడు విడిచి విద్యుత్తును తిరిగి పంపును. ఇరుగుపొరుగు కొండలలోని నీరే ఆ దేశపు బ్యాటరీ యైనది. అట్టి పొరుగు లేని దేశములు బ్యాటరీలనో, నీటిని మరల ఎత్తి నిలుపు జలాశయములనో ఆశ్రయింపవలసియున్నది. ఆయన విడిచిపెట్టిన ఉదజనిని నేటి ఇంజనీర్లు మరల చేతికెత్తుకొనిరి. అది చవుకగాను, క్షేమముగాను నిలువచేయబడుట నేటికిని పూర్తిగా పరిష్కారము కాని సమస్యయే.

ఆస్కోవ్‌లో ఆయన గాలిమర నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. బడిపిల్లలు వచ్చి ఆ పనిముట్లను చూచి పోవుదురు. విద్యను, విద్యుత్తును రెండింటిని పల్లె గుమ్మమునకు తేవలెనని తలచి, పగిలిన అద్దములను మార్పించుకొని మరల ప్రయోగమునకు కూర్చుండిన ఉపాధ్యాయుని ఓర్పునకు ఆ మరయే సాక్షి.