విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మగారు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఒక గాయనీమణి చరిత్ర మేల యని చదువరులు అడుగవచ్చును. ఒక తెలుగు పుస్తకమును వెలువరించి దొరతనమువారి యాగ్రహమునకు గురియైన విదుషీమణిని గ్రంథాలయమువారు గాక మరెవ్వరు తలచుకొనవలెను?

నాగరత్నమ్మగారు 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు సీమలోని నంజనగూడులో జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మి. వారిది ఆటపాటలే జీవికగా గల దేవదాసీ కుటుంబము. అట్టి యిండ్లలో బిడ్డకు మాటలు రాకముందే శ్రుతి చెవిని బడును. ఆ విద్యతో పాటు లోకుల చులకనయు వారసత్వముగా సంక్రమించును. తండ్రి సుబ్బారావుగారు న్యాయవాది. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టెను. పిమ్మట మైసూరు ఆస్థానపండితులగు గిరిభట్ట తమ్మయ్యగారు ఆశ్రయమిచ్చి, బాలికకు సంస్కృతమును సంగీతమును నేర్పిరి. అయిదవ యేటనే ఆమెకు కులాచారము ననుసరించి దేవదాసీ దీక్ష జరిగెను. కొంతకాలమునకు ఆ పండితుడును విడిచివేసెను.

ఇట్లు రెండుమారులు నిలువనీడ కోల్పోయిన తల్లి, కూతునకు ఆటపాటలు మాత్రము నేర్పి జీవనోపాధి చూపిన చాలునని యనుకొనవచ్చును. ఆమె యట్లు అనుకొనలేదు. కన్నడము, తెలుగు, ఆంగ్లము కూడ చెప్పించెను. నా మట్టుకు నాకు నాగరత్నమ్మగారి కీర్తిలో సగపాలు ఈ తల్లిదే యనిపించును. వాయులీన విద్వాంసుడగు మేనమామ ఆ బాలికను చేరదీసెను. త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని మునుస్వామప్పగారు ఆమెకు గురువైరి. పదునాలుగవ యేట తల్లి గతించెను. మరుసటి యేడే ఆ బాలిక పండితసభలో వాయులీనము వాయించి, నాట్యమాడి మెప్పు గాంచెను. ఆ మెప్పు చూచుటకు తల్లి లేదు.

తరువాత మదరాసు చేరి గానకచేరీలతో విశేష ధనము నార్జించిరి. ఆ పట్టణమున ఆదాయపుపన్ను చెల్లించిన మొదటి కళాకారిణి యామెయే యందురు. లెక్కలు వ్రాయు నా వంటివాడు ఈ మాటను విడిచిపెట్టజాలడు!

తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానమందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము ఆమె చేత బడెను. అచ్చుప్రతిలో లోపములు కనబడగా, వ్రాతప్రతితో సరిచూచి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. శృంగారము మితిమీరినదని ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. మగవారు వ్రాసిన శృంగారమునకు లేని దోషము స్త్రీ వ్రాసినపుడే యెట్లు వచ్చెనని ఆమె వాదము. నిషేధము 1947లో గాని తొలగలేదు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడియున్నదని విని, 1921లో పని యారంభించి, తన నగలమ్మి గుడి కట్టించిరి. 1925లో ప్రతిష్ఠ జరిగెను. గుడి కట్టించిన యామెకే ఆరాధనలో పాడుటకు అనుమతి లేకపోయెను! అంతట 1927లో స్త్రీలను గూర్చుకొని వేరుగా ఆరాధన నడిపిరి. విడిపోయిన పక్షములు 1941 నాటికి ఏకమయ్యెను.

1952 మే 19న అచ్చటనే తనువు చాలించిరి. మరణమునకు ముందే తన యాస్తిని స్వామి సన్నిధికి వ్రాసి, స్త్రీలకును అచ్చట సేవచేయు హక్కుండవలెనని దస్తావేజులో నియమము చేర్చిరి. స్వామి సమాధికి ఎదుటనే ఆమె సమాధి యున్నది.