బ్రూనెల్ గారి పెద్ద ఓడ

ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ గారు 1806 ఏప్రిల్ 9న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో జన్మించారు. ఫ్రాన్సు నుండి వచ్చి స్థిరపడిన ఇంజనీరు మార్క్ బ్రూనెల్ ఆయన తండ్రి. తండ్రి దగ్గరే పని నేర్చుకుని, లండన్ - బ్రిస్టల్ రైలుమార్గం నిర్మించి పేరు పొందారు. అయితే ఇక్కడ చెప్పదలచినది ఓడల సంగతి.

అట్లాంటిక్ దాటడానికి ఆవిరి ఓడలో పట్టే బొగ్గు చాలదని ఆనాడు చాలామంది వాదించేవారు. బ్రూనెల్ గారి లెక్క వేరు. ఓడ కొలతలన్నీ రెట్టింపు చేస్తే నీటి అడ్డు సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. లోపలి చోటు ఎనిమిది రెట్లవుతుంది. కనుక పెద్ద ఓడకే బొగ్గు గిట్టుబాటు. 1838లో ఆయన ఓడ గ్రేట్ వెస్టర్న్ పదిహేను రోజుల్లో న్యూయార్కు చేరింది. ఇంకా బొగ్గు మిగిలింది కూడా.

ఆ ధైర్యంతో, దారిలో ఎక్కడా బొగ్గు నింపుకోకుండా ఆస్ట్రేలియా చేరగల గ్రేట్ ఈస్టర్న్ తలపెట్టారు. పొడవు 692 అడుగులు, నాలుగు వేల మందికి చోటు. థేమ్స్ నదికి అంత పొడవు ఓడను నిలువుగా దింపే వెడల్పు లేదు. ఒడ్డుకు సమాంతరంగా కట్టి, పక్కవాటుగా నీళ్లలోకి జరపవలసి వచ్చింది. 1857 నవంబరు 3న మొదలుపెడితే కొద్ది అడుగులు కదిలి ఆగింది. ఆ రోజు ప్రాణనష్టం కూడా జరిగింది. జాకీలు పెట్టి అంగుళాల లెక్కన నెట్టగా నెట్టగా 1858 జనవరి 31న తేలింది. ఖర్చు భరించలేక ఓడ మరో కంపెనీ చేతికి పోయింది. అంచనాకూ అసలు బిల్లుకూ పొంతన లేని ఫైళ్లు చూసిన మన పెన్షనర్లకు ఇది వింత కాదు.

1859 సెప్టెంబరు 5న ఓడ మీదనే బ్రూనెల్ గారికి పక్షవాతం వచ్చింది. 15న కన్నుమూశారు. వయస్సు 53 ఏళ్లే. మరుసటి ఏడు న్యూయార్కుకు జరిగిన తొలి ప్రయాణంలో టిక్కెట్టు కొన్నవారు నలభై మందిలోపే. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక తూర్పుదేశాల దారి దగ్గరయింది గాని, ఈ ఓడ అందులో పట్టదు.

నేటి కంటైనరు ఓడలదీ ఆ లెక్కే. 400 మీటర్ల పొడవు, 61 మీటర్ల వెడల్పుతో 24,000 ఇరవై అడుగుల పెట్టెలు మోస్తున్నాయి. అక్కడినుంచి పెంచాలంటే రేవు లోతు చాలాలి, క్రేను చెయ్యి అందాలి, కాలువ పట్టాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ సూయెజ్‌లో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసిన సంగతి మనమంతా టీవీలో చూసినదే.

గ్రేట్ ఈస్టర్న్ కడకు టెలిగ్రాఫు తీగలు వేయడానికి అక్కరకొచ్చింది. అంత బరువు తీగను ఒక్కసారిగా మోయగల ఓడ అప్పుడు మరొకటి లేదు. 1866లో అట్లాంటిక్ తీగ వేసింది. 1870లో ఆఫ్రికా చుట్టి బొంబాయి వచ్చి, అక్కడినుంచి ఏడెన్ వరకు తీగ పరిచింది. 1889లో లివర్‌పూల్ దగ్గర దాన్ని విరగ్గొట్టడం మొదలుపెట్టారు. పొడవులో దాన్ని మించిన ఓడ 1899లో గాని రాలేదు.