గాయమునకు దయ చూపిన వైద్యుడు

ఆంబ్రోయిజ్ పారే 1510 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందలి లావల్ పట్టణ సమీపమున జన్మించెను. క్షురక వైద్యము నేర్చి, పారిస్ నగరమందలి ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో సేవచేసి, సైన్యముతో ఇటలీకి పోయెను.

తుపాకి గాయము విషపూరితమని, కాగిన నూనె పోసి కాల్చవలెనని ఆనాటి వైద్యుల నమ్మకము. 1537లో టురిన్ దండయాత్రయందు నూనె అయిపోయెను. గత్యంతరము లేక పారే గ్రుడ్డు పచ్చసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి కట్లు కట్టెను. క్షతగాత్రులు మరణింతురేమోనను భీతితో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూడగా, నూనె పోయబడినవారు జ్వరముతో, వాపుతో బాధపడుచుండిరి. తక్కినవారు నెమ్మదిగా విశ్రమించియుండిరి. ఇక గాయమును కాల్చరాదని ఆయన నిశ్చయించుకొనెను.

లాటిను రాని పారే 1545లో ఈ అనుభవమును ఫ్రెంచి భాషలోనే గ్రంథముగా వెలువరించెను. 1552లో, అవయవమును ఖండించినపుడు కాల్చుటకు మారుగా రక్తనాళములను దారముతో ముడివేసెను. నలుగురు రాజులకు వైద్యుడై 1590లో పారిస్‌లో మరణించెను.

గాయముకంటె చికిత్స పెద్ద గాయము కారాదను ఆ నీతియే నేటి చిన్నకోత శస్త్రచికిత్సలకును ప్రాణము. మాతృభాషలో చదివితిమని చిన్నబుచ్చుకొను మనము ఆయనను స్మరింపవలెను. గ్రంథములు చెప్పినదానిని రోగి మంచమువద్ద సరిచూచుకొనుటకు ఆయనకు లాటిను అవసరము కాలేదు.