నాడీకణ ద్రష్ట రమోన్ ఇ కహాల్

పేద దేశమున శాస్త్రము పండదని నిరాశ చెందువారికి స్పెయిను దేశీయుడగు సాంటియాగో రమోన్ ఇ కహాల్ జీవితము తగిన సమాధానము. మెదడు కణముల నిజస్వరూపమును లోకమునకు చూపిన ఆ మహనీయుని చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

ఆయన 1852 మే 1వ తేదీన ఒక కొండ పల్లెలో జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. బాలుడు చదువు మాని బొమ్మలు వ్రాయుచుండుటచే తండ్రి వానిని మంగలియొద్దను, చెప్పులు కుట్టువానియొద్దను పనికి బెట్టెను. తుదకు శ్మశానమునుండి తెచ్చిన యెముకలను చూచి చిత్రించుటతో వానికి శరీరశాస్త్రమున రుచి కలిగెను. 1873లో వైద్యపట్టము నొంది, సైనికవైద్యుడై క్యూబా కేగి, మలేరియాచే కృశించి 1875లో మరలివచ్చెను. సైన్యమున కూడబెట్టిన జీతముతో సూక్ష్మదర్శినిని కొనెను.

నాడులన్నియు తెగని యొకే వలయని నాటి పండితులలో పెక్కురు నమ్మియుండిరి. కణములలో కొన్నింటికి మాత్రమే నలుపెక్కించు వెండిలవణపు పద్ధతిని ఇటలీ పండితుడు గోల్జీ 1873లో కనుగొనెను. కహాల్ దానిని 1887లో చూచి, మరుసటి యేడు బార్సిలోనాలో మెరుగుపరచి, పెరిగిన మెదడును విడిచి గ్రుడ్డులోని పిల్లల మెదడును పరీక్షించెను. ముదిరిన తోటలో కొమ్మలు పెనగొనియుండును. నారుమడిలో ప్రతి మొలకయు వేరుగా కనబడును గదా! ప్రతి నాడీకణమును ప్రత్యేకమే యనియు, అవి తాకుచున్నను కలిసిపోవనియు ఆయన నిర్ణయించెను.

ఈ సంగతులను ప్రకటించుటకు సొంత సొమ్ముతో స్పానిషు భాషలోనే పత్రికను స్థాపించెను. మొదటి సంచిక 60 ప్రతులు మాత్రమే. చదువువారు లేకపోగా, 1889లో తన సూక్ష్మదర్శినిని, పలకలను మోసికొని బెర్లిను కేగి జర్మను పండితుల కన్నులకే చూపెను. వృద్ధుడగు కోలికర్ చూచి యొప్పుకొనెను.

1898లో స్పెయిను తన సామ్రాజ్యశేషమును గోల్పోయెను. ఎనిమిదేండ్లకు, 1906లో, ఆ యోడిన దేశపు ఆచార్యునికి నోబెల్ బహుమానము లభించెను. అందు సగము గోల్జీదే. ఆయన ఆ సభలో సయితము వలసిద్ధాంతమునే వాదించెను. ప్రభుత్వ మొక పరిశోధనాలయమును నిర్మించి 10,000 పెసెటాల జీతము నీయబూనగా, కహాల్ దానిని 6,000కు తగ్గింపించుకొనెను.

తెగిన నాడులు కాలుసేతులలో మరల చిగిర్చుననియు, మెదడు వెన్నుపాములలో ఆ చిగురులు నిలువవనియు 1913, 1914 సంవత్సరముల గ్రంథములలో వివరించెను. వెన్నుపాము గాయములను పరిశోధించువారు నేటికిని ఆ ప్రశ్నతోడనే పెనగులాడుచున్నారు. ఆయనలో లోపములును గలవు. 1919లో మెదడునందలి సూక్ష్మకణములను వేరుపరచిన శిష్యుడు రియో ఒర్తేగాను 1920లో పరిశోధనాలయమునుండి పంపివేయుట మేము సమర్థింపజాలము.

1934 అక్టోబరు 17న కహాల్ మాడ్రిడులో కీర్తిశేషుడయ్యెను. 1950 దశకమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కణములనడుమ సందును చూపి ఆయన మాటను స్థిరపరచెను.

భవనములు లేవని, పరికరములు లేవని, పరభాష రాదని ఆయన ఊరకుండలేదు. ఉన్న పనిముట్టుతో, సొంత భాషలో, సొంత ఖర్చున పని మొదలిడెను. రాజాదరణ తరువాత వచ్చెను. మన విద్యార్థులును, వారికి చేయూత నీయగల శ్రీమంతులును ఈ క్రమమును గుర్తింతురుగాక!