బిడ్డలు లేని ఇల్లు
ధ్యానమునకు చదువవలసిన భాగము: 1 సమూయేలు 1వ అధ్యాయము



కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు ఒక్కొక్క ఇంట ఒక సహోదరి గుమ్మము నానుకొని వెనుకగా కూర్చుండుట మేము చూచుచున్నాము. పెండ్లియై పండ్రెండేండ్లయినను ఆమెకు బిడ్డలు కలుగలేదు. సీమంతమునకు ఆమెను పిలువరు. ఉయ్యాలలోని పసిబిడ్డను ఆమె చేతికీయరు. ఒకప్పుడు అట్టి సహోదరితో, నీ విశ్వాసము చాలలేదేమో అని మేమే పలికితిమి. హన్నాను చూచి ఏలీ పొరబడినట్లే మేమును పొరబడితిమి. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాము. కావున ఈ నెల మన గోదావరి తీరమున జీవించిన ఒక దంపతుల చరిత్రను ధ్యానింతము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరములో జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. 1861లో బాపమ్మ అను బాలికతో ఆయనకు వివాహము జరిగెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారని ప్రసిద్ధి చెందిరి. పంతులుగారు ఉపాధ్యాయులై, 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిరి. ఆ యేటనే వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి.

ఈ దంపతులకు సంతానము కలుగలేదు. బిడ్డలు లేరని భార్యపై మరియొకతెను తెచ్చుకొనుట ఆ కాలమున ఎవరును తప్పుపట్టని పని. పంతులుగారు ఆ త్రోవ త్రొక్కలేదు.

ఆ దినములలో పసితనముననే భర్తను పోగొట్టుకొన్న బాలికలు ఇంటింట కన్నీరు కార్చుచుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీని పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరివారు వెలివేసిరి. వంటవారు రారైరి, నీళ్లు తెచ్చువారు మానివేసిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చి, వండి, వడ్డించిరి. దిక్కులేని బాలవితంతువులను తమ యింట చేర్చుకొని తల్లివలె ఆదరించిరి. ఇట్లు సుమారు 40 వివాహములు జరిగినవి. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919 మే 27వ తేదీని మద్రాసులోను గతించిరి.

వారు మన సంఘమునకు చెందినవారు కారు. బ్రహ్మసమాజ మార్గము నవలంబించినవారు. అయినను వారి జీవితము మనకు పాఠములు నేర్పుచున్నది.

మొదటిది, సంతానము లేకపోవుట శాపము కాదు. ఎలీసబెతు వృద్ధాప్యము వరకు గొడ్రాలిగానున్నను దేవుని దృష్టికి నీతిమంతురాలే.

రెండవది, ఈ భారము భార్య ఒక్కతెయే మోయవలసినది కాదు. కారణము భర్తయందైనను ఉండవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. కాబట్టి ఇరువురును కలిసి వైద్యుని యొద్దకు పోవలెను. భర్తలారా, అత్తమామలయెదుట భార్య పక్షమున నిలువుడి.

మూడవది, బిడ్డలు లేని ఇల్లు శూన్యమైన ఇల్లు కాదు. సంతానము లేనివారికి తన మందిరములో కుమారుల కంటెను, కుమార్తెల కంటెను శ్రేష్ఠమైన పేరును దేవుడు వాగ్దానము చేసిన సంగతి యెషయా గ్రంథము 56వ అధ్యాయములో చదువుచున్నాము. పరులకు సేవచేసిన మాత్రమున దుఃఖము తీరిపోవునని మేము చెప్పము. దుఃఖమున్న హృదయముతోనే ఇతరులకు తల్లిదండ్రులు కావచ్చునని మాత్రము చెప్పుచున్నాము.

ప్రియులారా, మీ ఇంట రాబోవు సీమంతమునకు ఆ సహోదరిని ముందుగా పిలువుడి. పసిబిడ్డను ఆమె చేతులలో పెట్టుడి. ప్రభువు మనకట్టి హృదయము ననుగ్రహించును గాక. ఆమేన్.