మర్చిపోవడాన్ని కొలిచినాయన

అమీర్‌పేట్‌లో సీ నేర్చుకుంటూ ఫ్లాష్‌కార్డ్ ప్రోగ్రామ్ రాసేవాళ్లం స్ట్రక్ట్‌లో ప్రశ్న, జవాబు పెట్టి ఆగిపోతాం. మళ్లీ అడగాల్సిన తేదీ కూడా ఉండాలి. ఎందుకో తేల్చినాయన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్.

1850లో జర్మనీలోని బార్మెన్‌లో పుట్టారు. 1879లో జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు, అదీ తన మీదే. అర్థంలేని అక్షరాల ముక్కలు దాదాపు 2,300 తయారుచేసి, కలిపేసి, చీట్లు తీసినట్టు తీసి బట్టీ పట్టేవారు. గంట గడిస్తే చాలు, మళ్లీ నేర్చుకోవడానికి మొదటి శ్రమలో సగానికి పైగా పట్టేది.

12 ముక్కల వరసని ముందురోజు ఏకబిగిన 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకి పంచి 38 సార్లు చదివినా వచ్చింది. 1885లో ఇదంతా పుస్తకంగా వేశారు. 1909లో హాలేలో న్యుమోనియాతో చనిపోయారు.

ఎగ్జామ్ ముందు రాత్రి నైటౌట్ చేసే మనం ఆ మిగతా 30 సార్లూ ఊరికే చదువుతున్నాం.